గుయ్యిమనే యాంప్లిఫయర్: తప్పు పెట్టెలోనే ఉందా?

గిటార్ తీగ మీద చేయి వేయకముందే స్పీకర్‌లోంచి గుయ్యిమంటూ మోత మొదలవుతుంది. వాల్యూమ్ పెంచితే అదీ పెరుగుతుంది. శబ్దం వచ్చేది యాంప్లిఫయర్‌లోంచే కాబట్టి అనుమానమంతా దాని మీదికే వెళ్తుంది. మెకానిక్ దగ్గరికి మోసుకెళ్తే అతని బల్ల మీద అది బుద్ధిమంతుడిలా నిశ్శబ్దంగా కూర్చుంటుంది. ఇంటికి తెచ్చి ప్లగ్గు పెట్టగానే మళ్లీ అదే పాట. ఈ ప్రహసనం రెండు మూడు సార్లు జరిగితే గాని, తప్పు పెట్టెలో కాక పెట్టె చుట్టూ ఉన్న ఇంట్లో ఉందేమో అన్న ఆలోచన రాదు.

గిటార్ యాంప్లిఫయర్ స్వభావమే అలాంటిది. గిటార్ తీగల కింద ఉండి వాటి కంపనాన్ని కరెంటుగా మార్చే పికప్ నుంచి వచ్చే సంకేతం చాలా చిన్నది. మామూలుగా వాయిస్తే వోల్టులో పదో వంతు, మెల్లగా మీటితే ఇంకా తక్కువ. దాన్ని స్పీకర్‌ను కదిలించే స్థాయికి తేవాలి. గరగరలాడే రాక్ స్వరం కావాలంటే గెయిన్ చానల్‌లో వేల రెట్లు పెంచాలి. ఆ పెంపులో స్వరానికి ఒక న్యాయం, రొదకు ఒక న్యాయం ఉండవు. మొదటి అంచెలో దూరిన రవ్వంత రొద కూడా చివరి అంచెకు వచ్చేసరికి గది నిండుతుంది. అందువల్ల స్క్రూడ్రైవర్ తీయడానికి ముందు తేల్చాల్సిన ప్రశ్న ఒకటే: ఆ రొద ఎక్కడ లోపలికి దూరుతోంది?

మోతను శ్రద్ధగా వింటే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. యాంప్లిఫయర్ లోపల రెక్టిఫయర్ ఆ అలలో కింది సగాలను కూడా పైకి తిప్పేస్తుంది కాబట్టి అక్కడ మిగిలే ఊగిసలాట సెకనుకు 100 సార్లు ఉంటుంది. దాన్ని చదును చేయడం ఫిల్టర్ కెపాసిటర్ల పని. కాబట్టి మోత 100 హెర్ట్జ్ దగ్గర ఉంటే మొదట ఆ కెపాసిటర్లను అనుమానించాలి. 50 దగ్గర ఉంటే కరెంటు నేరుగా ఎక్కడినుంచో దూరుతోందన్నమాట: ఎర్త్‌కు రెండు దారులు ఉన్నప్పుడు ఏర్పడే ఎర్త్ లూపు, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం, కొన్ని యాంప్లిఫయర్లలో ట్రాన్సిస్టర్ల బదులు ఉండే గాజు వాల్వులను వేడిచేసే 6.3 వోల్టుల తీగలు.

ఏది 50, ఏది 100 అని తేల్చుకోవడానికి మీటర్లు అక్కర్లేదు, గిటార్ చేతిలోనే ఉంది. ఆరో తీగను, అంటే అన్నింటికంటే లావు తీగను, మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే వచ్చే జి స్వరం 98 హెర్ట్జ్. మోత ఆ స్వరానికి పక్కనే రవ్వంత హెచ్చుగా నిలిచి, రెండూ కలిసినప్పుడు సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతున్నట్టు వినిపిస్తే అది 100. దాదాపు ఒక స్థాయి కింద ఉంటే 50. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవారికి ఈ కొలత పనికిరాదు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్. రెక్టిఫయర్ తర్వాతి మోత 120 హెర్ట్జ్ అవుతుంది కాబట్టి అయిదో తీగ మీద ఒకటో ఫ్రెట్ స్వరానికి, రెండో ఫ్రెట్ స్వరానికి మధ్య వెతకాలి.

ఈ లెక్కకు మినహాయింపులు లేకపోలేదు. చాలా వాల్వ్ యాంప్లిఫయర్లలో పవర్ వాల్వులకు బయాస్ (అవి పనిచేసే స్థాయిని నిర్ణయించే వోల్టేజీ) ఇచ్చే చిన్న సప్లైలో ఒకే డయోడు ఉంటుంది. అక్కడి కెపాసిటర్ పాడైతే మోత 50 దగ్గరే వస్తుంది. అయినా మొదటి అంచనాకు ఈ కొలత చాలు.

తర్వాతి పరీక్ష అర నిమిషం పని. యాంప్లిఫయర్ ఇన్‌పుట్ నుంచి గిటార్ కేబుల్ పూర్తిగా పీకేయాలి. చాలా యాంప్లిఫయర్లలో జాక్ ఖాళీగా ఉన్నప్పుడు లోపలి స్విచ్చు ఇన్‌పుట్‌ను ఎర్త్‌కు కలిపేస్తుంది. అప్పుడు మోత ఆగిపోతే యాంప్లిఫయర్ నిర్దోషి. చాలామంది ఇక్కడే పొరబడతారు: గిటార్ వైపు పిన్ను పీకి, యాంప్లిఫయర్ వైపు అలాగే ఉంచుతారు. అలా వేలాడే కేబుల్ ఏరియల్‌లా పనిచేస్తుంది. మోత ఇంకా పెరుగుతుంది, దాంతో యాంప్లిఫయరే దొంగ అని తీర్పు ఇచ్చేస్తారు.

నిర్దోషి అని తేలాక ఒక్కొక్కటిగా వెనక్కి కలుపుతూ రావాలి. ముందు నేరుగా గిటార్, మధ్యలో స్వరాన్ని మార్చే పెడళ్లు లేకుండా. గిటార్ వాల్యూమ్ సున్నాకు తిప్పితే మోత ఆగిందా? ఆగితే అది పికప్ పట్టుకొస్తున్న మోత. గిటార్ పట్టుకుని నెమ్మదిగా గుండ్రంగా తిరిగితే ఒక దిక్కున మోత పెరిగి, ఇంకో దిక్కున దాదాపు పోతుంది. సింగిల్ కాయిల్ పికప్ ఉన్న ప్రతి గిటార్‌కూ ఇది సహజం. దానిలోని తీగచుట్ట తీగల కంపనాన్ని పట్టినట్టే గదిలోని అయస్కాంత క్షేత్రాన్నీ పట్టేస్తుంది. గిబ్సన్ సంస్థలో పనిచేసిన సెత్ లవర్ 1955లో దీనికి విరుగుడు కనిపెట్టాడు. రెండు చుట్టలను ఎదురెదురు దిశల్లో చుట్టి, అయస్కాంతపు ధ్రువాలను కూడా తారుమారు చేస్తే తీగల సంకేతం కలిసి రెట్టింపవుతుంది, బయటి మోత ఒకదానితో ఒకటి కొట్టుకుపోతుంది. హమ్‌బకర్ అన్న పేరు ఆ పని చూసి పెట్టిందే. సింగిల్ కాయిల్ గిటార్ తెచ్చుకుని యాంప్లిఫయర్ మోత పెడుతోందని ఫిర్యాదు చేయడం, కిటికీ తెరిచిపెట్టి దోమలొస్తున్నాయని గోడను తిట్టడం లాంటిది.

ఇక ఆ క్షేత్రాన్ని పుట్టిస్తున్నదేమిటో చూడాలి. మన ఇళ్లలో ప్రధాన నిందితుడు ఫ్యాన్ రెగ్యులేటర్. గుండ్రంగా, ఆటంకం లేకుండా తిరిగే రకం రెగ్యులేటర్‌లో ట్రయాక్ అనే పరికరం ఉంటుంది. అది ప్రతి అర్ధ తరంగంలో కొంతసేపు కరెంటును ఆపి, మధ్యలో ఠపీమని వదులుతుంది. సెకనుకు 100 సార్లు జరిగే ఆ కోత అంచులు ఎంత పదునుగా ఉంటాయంటే వాటిలోంచి పై స్థాయిల స్వరాలెన్నో పుట్టుకొస్తాయి. అందుకే ఆ మోత గుయ్యిమనదు, జుయ్యిమని కందిరీగలా కోస్తుంది. ఫ్యాన్‌ను పూర్తి వేగంలో పెట్టినా, పూర్తిగా కట్టేసినా మోత తగ్గి, మధ్య వేగంలోనే ముదిరితే ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు. టకటకమని అంచెలంచెలుగా తిరిగే రెగ్యులేటర్లు చాలావరకు కెపాసిటర్లతో పనిచేస్తాయి. వాటితో ఈ బాధ లేదు. మూడు నాలుగు వందల రూపాయల రెగ్యులేటర్ మారిస్తే పోయే మోతకు వేలు పోసి పెడళ్లు కొనేవారున్నారు.

మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. పాత ట్యూబ్‌లైటు చోకు, నాసిరకం ఎల్‌ఈడీ బల్బు డ్రైవరు, ల్యాప్‌టాప్ చార్జరు: ఒక్కొక్కటీ ఆర్పి చూస్తే తెలిసిపోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడే మోత వస్తే ఆ ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమా, స్క్వేర్ వేవ్ రకమా అని చూడాలి. రెండో దాని మీద ఫ్యాన్లే గుర్రుమంటాయి, గిటార్ సంగతి చెప్పనక్కర్లేదు. మోగబోయే ముందు మొబైల్ ఫోన్ స్పీకర్లో చేసే టిక్కుటిక్కు చప్పుడు 2జీ సంకేతాలది. సెకనుకు 217 సార్లు వెలిగి ఆరే రేడియో అలలను ఇన్‌పుట్ పట్టుకోవడం వల్ల అది వస్తుంది. పెళ్లి పందిట్లో ఆర్కెస్ట్రా సంగతి వేరు. స్టేజీకి, సీరియల్ సెట్లకు, వంటల దగ్గర గ్రైండర్‌కు ఒకే జనరేటర్ నుంచి ఒకే తీగ లాగితే ఎంత ఖరీదైన యాంప్లిఫయర్ అయినా మూలుగుతుంది. స్టేజీకి విడిగా ఒక లైన్ అడగడం తప్ప అక్కడ చేయగలిగింది పెద్దగా లేదు.

ఎర్త్ విషయం దగ్గర మాత్రం తొందరపడకూడదు. గిటార్ తీగలు కేబుల్ పైతొడుగు ద్వారా యాంప్లిఫయర్ లోహపు చట్రానికి, అక్కడినుంచి మూడు పిన్నుల ప్లగ్గులోని లావు పిన్ను ద్వారా ఇంటి ఎర్త్‌కు కలిసి ఉంటాయి. తీగలను చేత్తో పట్టుకోగానే మోత తగ్గిందంటే చట్రం దాకా ఆ దారి సరిగ్గానే ఉందని అర్థం, ఇంటి ఎర్త్ సంగతి దీనితో తేలదు. మనిషి ఒళ్లు పట్టుకొచ్చే రొద ఆ దారిన చట్రానికి పోతోంది. తాకినప్పుడు మోత పెరిగితే గిటార్ లోపల ఎర్త్ తీగ ఊడి ఉండవచ్చు. తాకినప్పుడు చేయి జివ్వుమంటే మాత్రం వాయించడం అక్కడే ఆపేయాలి.

పైకి మూడు కన్నాల సాకెట్ కనిపిస్తున్నా వెనుక ఎర్త్ తీగే లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. తీగ ఉన్నా, ఇల్లు కట్టిన కొత్తలో బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉండవచ్చు. వేసవిలో అందులో నీళ్లు పోసే అలవాటు ఊరికే రాలేదు. మల్టీమీటర్ పట్టడం తెలిసినవారు సాకెట్‌లో ఫేజుకు ఎర్త్‌కు మధ్య, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య కొలిస్తే చాలు. మొదటిది 230 వోల్టుల దగ్గర, రెండోది ఒకటి రెండు వోల్టుల్లో ఉంటే మంచిది. రెండోది పదుల్లో ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, యాంప్లిఫయర్ మెకానిక్‌ను కాదు.

అమెరికా నుంచి సామానుతో పాటు యాంప్లిఫయర్ తెచ్చుకున్నవారికి ఇంకో చిక్కు ఉంది. 120 వోల్టుల పెట్టె కోసం బజారులో కొనే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్లలో కొన్నింటికి అవుట్‌పుట్ వైపు రెండు కన్నాలే ఉంటాయి. ఎర్త్ అక్కడే తెగిపోతుంది. పైగా 60 హెర్ట్జ్ కోసమే తయారైన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది, దాని ఇనుప రేకులే గుర్రుమంటాయి. ఆ చప్పుడు స్పీకర్‌లోంచి రాదు, పెట్టె ఒంట్లోంచి వస్తుంది. స్పీకర్‌కు చెవి దగ్గరగా పెట్టి, తర్వాత చట్రానికి పెట్టి పోల్చుకుంటే తేడా తెలుస్తుంది.

సరైన ఎర్త్ ఉన్నచోట కూడా మోత రావచ్చు. రెండు యాంప్లిఫయర్లకు ఒకే గిటార్ కలిపినప్పుడు, లేదా యాంప్లిఫయర్‌ను మిక్సర్‌కు కలిపినప్పుడు ఎర్త్‌కు రెండు దారులు ఏర్పడతాయి: ఒకటి కరెంటు ప్లగ్గుల గుండా, ఇంకొకటి ఆడియో కేబుల్ పైతొడుగు గుండా. ఆ రెండు దారులూ కలిసి ఒక వలయమవుతాయి. అందులో తిరిగే చిన్న కరెంటు స్పీకర్‌లో గుయ్యిమంటుంది. రెండింటి ప్లగ్గులూ ఒకే బోర్డుకు పెడితే చాలాసార్లు పోతుంది. పోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (గిటార్ సంకేతాన్ని మిక్సర్‌కు అందించే చిన్న డబ్బా) పెట్టి ఆడియో వైపు ఎర్త్‌ను విడదీయాలి. ప్లగ్గులోని లావు పిన్ను విరిచేయడం మాత్రం వైద్యం కాదు. మోత నిజంగానే పోతుంది, అందుకే ఆ చిట్కా ఇంకా బతికి ఉంది. కానీ ఆ తర్వాత పెట్టెలో ఏ ఫేజు తీగ చట్రానికి తగిలినా ఆ 230 వోల్టులూ గిటార్ తీగల మీదికి వస్తాయి. పెదవి మైకుకు తగిలిన క్షణంలో వలయం మనిషి ఒంటి గుండా పూర్తవుతుంది. స్టోన్ ది క్రోస్ బృందంలో గిటార్ వాయించిన లెస్ హార్వీ 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో, స్టేజీ మీద, ఎర్త్ సరిగా లేని మైకును తాకి చనిపోయాడు.

ఇన్‌పుట్ ఖాళీగా ఉన్నా, ఇల్లంతా ఆర్పినా మోత వస్తూనే ఉంటే అప్పుడు తప్పు పెట్టెదే. పెట్టె విప్పకుండానే చాలా తెలుసుకోవచ్చు. మాస్టర్ వాల్యూమ్ సున్నా చేస్తే మోత పోతుందా? పోతే తప్పు ప్రీయాంప్‌లో, అంటే సంకేతాన్ని మొదట పెంచే భాగంలో, ఉంది. పోకపోతే స్పీకర్‌ను నడిపే పవర్ యాంప్‌లోనో సప్లైలోనో ఉంది. ప్రతిధ్వని తెచ్చే రివర్బ్ నాబ్ తగ్గిస్తే పోతే స్ప్రింగులున్న రివర్బ్ డబ్బా పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రాన్ని పట్టుకుంటోంది. డబ్బాను తిప్పి బిగిస్తే ఒక్కోసారి సరిపోతుంది. వెనుక ఎఫెక్ట్స్ లూప్ (పెడళ్లు కలపడానికి ఉండే సెండ్, రిటర్న్ జాకుల జత) ఉంటే సెండ్ నుంచి రిటర్న్‌కు ఒక చిన్న కేబుల్ కలిపి చూడాలి. శబ్దం వస్తూ పోతూ ఉండే జబ్బు అంతటితో నయమైతే రిటర్న్ జాక్ లోపలి స్విచ్చుకు పట్టిన మకిలే కారణం. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో జాకులు త్వరగా నల్లబడతాయి. వాల్యూమ్ తిప్పుతున్నప్పుడు వచ్చే కరకర కూడా ఇలాంటిదే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే పోతుంది. పోయినట్టే పోయి వారంలో తిరిగొస్తే అది దుమ్ము కాదు. అంచెల మధ్య సంకేతాన్ని మాత్రం పంపి డీసీని ఆపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ లీకవుతూ, దాని నుంచి డీసీ వోల్టేజీ ఆ కంట్రోల్ మీదికి వస్తోందని అర్థం. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లలో, ముఖ్యంగా చవక రకాల్లో, ఎక్కువగా కనిపించేది డ్రై సోల్డర్: కేబుల్ గుంజినప్పుడల్లా బోర్డుకు అతికించిన జాక్ కాళ్ల దగ్గర అతుకు పగులుతుంది. పెట్టె మీద చేత్తో తడితే చిటపటమంటుంది.

వాల్వ్ యాంప్లిఫయర్లలో తట్టి చూడటమే ఒక విద్య. పెన్సిల్ వెనుక భాగంతో ఒక్కొక్క ప్రీయాంప్ వాల్వునూ మెల్లగా తట్టాలి. 12ఏఎక్స్7 లాంటి వాల్వుకు చిన్న టిక్కు వినిపించడం మామూలే. గంట కొట్టినట్టు ఖంగుమని మోగితే, లేదా కీచుమని అరుపు అందుకుంటే అది మైక్రోఫోనిక్ అయిపోయింది. లోపలి గ్రిడ్ వదులై కదులుతోంది. స్పీకరు, వాల్వులు ఒకే పెట్టెలో ఉండే కాంబో యాంప్లిఫయర్లలో ఇది ఎక్కువ, ఎందుకంటే స్పీకర్ ఊపు వాల్వును కదిలిస్తుంది, వాల్వు ఆ కదలికను మళ్లీ స్పీకర్‌కే పంపుతుంది. కొత్త వాల్వు ఒకటి చేతిలో ఉంచుకుని, కరెంటు తీసేసి, చల్లారాక ఒక్కొక్క స్థానంలో మార్చి చూడటం అన్నింటికంటే నమ్మకమైన పద్ధతి. బుస, చిటపట, హీటర్ నుంచి కేథోడ్‌కు లీకయ్యే 50 హెర్ట్జ్ మోత, అన్నీ దీంతోనే బయటపడతాయి.

పవర్ వాల్వులు జంటగా ఉండే పెట్టెల్లో ఇంకో కిటుకు ఉంది. సప్లైలో మిగిలిన 100 హెర్ట్జ్ అల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ రెండు సగాల్లోకీ సమానంగా వచ్చి, ఒకదాన్నొకటి చెరిపేసుకుంటుంది. జంటలో ఒకటి నీరసిస్తే ఆ చెరుపుడు సరిగ్గా జరగదు. కెపాసిటర్లు బాగున్నా మోత వినిపిస్తుంది. కెపాసిటర్లు మార్చినా తగ్గలేదని వాపోయే సందర్భాల్లో ఈ సంగతి గుర్తుకు రావాలి.

అయితే కెపాసిటర్లే నిజంగా పోయే రోజు కూడా వస్తుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల తడి ఉంటుంది. వేడికి అది ఏళ్ల తరబడి ఆరిపోతూ ఉంటుంది. ముప్ఫై నలభై ఏళ్ల యాంప్లిఫయర్‌లో పుట్టినప్పటి కెపాసిటర్లే ఉంటే వాటిని నమ్మడానికి వీల్లేదు. ముందు 100 హెర్ట్జ్ మోత పెరుగుతుంది. తర్వాత గట్టిగా వాయించిన స్వరాల వెనుక అపస్వరపు నీడ ఒకటి తోడు వస్తుంది. ఇంకా ముదిరితే ఏమీ వాయించకుండానే స్పీకర్ డుబుడుబుడుబుమంటుంది, గోదావరి మీద లాంచీ ఇంజిన్‌లా. ఈ జబ్బుకు మోటార్‌బోటింగ్ అన్న పేరే ఉంది. ఒక అంచె మరో అంచెతో సప్లై తీగ ద్వారా మాట్లాడుకోకుండా ఆపాల్సిన కెపాసిటర్ ఆ పని మానేయడమే దీనికి కారణం.

సరంజామా దొరకకపోదు, కోఠి గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ వీధిలోనో 450 వోల్టుల కెపాసిటర్ల కోసం అడగవచ్చు. అయినా ఈ పని తెలిసినవారికే వదిలేయడం మంచిది. వాల్వ్ యాంప్లిఫయర్ లోపల 300 నుంచి 500 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉండవచ్చు. కొన్ని పెట్టెల్లో దాన్ని మెల్లగా ఖాళీ చేసే రెసిస్టర్ ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. వాల్వ్ రేడియోలు బాగుచేసిన తరం మెకానిక్ ఎవరైనా ఊళ్లో ఇంకా పనిచేస్తుంటే ఈ పనికి ఆయనే తగినవాడు. స్పీకర్ కలపకుండా వాల్వ్ యాంప్లిఫయర్ ఆన్ చేయకూడదని ఆయనకు చెప్పాల్సిన పనీ ఉండదు.

ఇవన్నీ సరిచేశాక కూడా గెయిన్ పెంచితే బుస్సుమనే సవ్వడి ఒకటి మిగులుతుంది. అది లోపం కాదు. ఏ రెసిస్టర్‌లోనైనా ఎలక్ట్రాన్లు వేడికి అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటాయని బెల్ ల్యాబ్స్‌లో జాన్ జాన్సన్ కొలిచి చూపితే, హ్యారీ నైక్విస్ట్ దానికి లెక్క కట్టాడు. ఇద్దరి పత్రాలూ 1928లో వచ్చాయి. ఆ లెక్క ప్రకారం మామూలు గది వేడిలో, చెవికి వినిపించే మేరలో, లక్ష ఓముల రెసిస్టర్ ఒక్కటే దాదాపు 6 మైక్రోవోల్టుల రొద పుట్టిస్తుంది. మొదటి వాల్వు దగ్గర పాతకాలపు కార్బన్ రెసిస్టర్ ఉంటే మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ వేస్తే కొంత తగ్గుతుంది, ఎందుకంటే కార్బన్ రకం కరెంటు పారినప్పుడు ఈ రొదకు తన వంతు కూడా కలుపుతుంది. వేడి పుట్టించే ఆ 6 మైక్రోవోల్టులు మాత్రం ఏ రెసిస్టర్ వేసినా పోవు.

నాయిస్ గేట్ పెడల్ కొంటే ఈ బుస వినిపించదు గాని, పోదు. వాయించనప్పుడు అది తలుపు మూసేస్తుంది, వాయించగానే తెరుస్తుంది. బుస స్వరం వెనుక దాక్కుంటుంది. గేటు మరీ బిగించి పెడితే మెల్లగా ఆరిపోవాల్సిన స్వరం తోక తెగినట్టు టక్కున ఆగిపోతుంది. ఎర్త్ లూపు, ట్రయాక్ రెగ్యులేటర్, ఎండిన కెపాసిటర్ తెచ్చిన మోతకు కూడా గేటే పెట్టేవారు తీగ మీటిన ప్రతిసారీ ఆ మోతను కూడా వినిపిస్తూనే ఉంటారు. గెయిన్‌ను పదిలోంచి ఏడుకు దించి, గిటార్ వాల్యూమ్ పూర్తిగా తెరిచి, అదే పాట మరోసారి వాయించి చూస్తే గేటు అవసరమే లేదని చాలాసార్లు తేలుతుంది.